లేజర్ కటర్ ఉద్యోగమా? ముందు నీళ్ల సంగతి తెలుసుకోండి

లేజర్ కటింగ్ ఆపరేటర్ ఉద్యోగం అనగానే కోరల్‌డ్రా, ఆటోక్యాడ్ నేర్చుకుని ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు చాలామందే. మంచిదే. కానీ అక్కడ చిల్లర్ మూత తీసి ‘ఈ నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పు’ అంటే? డిజైన్ తప్పయితే ఒక యాక్రిలిక్ షీటు పోతుంది. నీళ్లు పాడైతే పదుల వేల రూపాయల ట్యూబే పోతుంది.

పెళ్లికార్డులు, నేమ్‌బోర్డులు కోసే చిన్న యూనిట్లలో ఎక్కువగా ఉండేవి గాజు ట్యూబుతో పనిచేసే కార్బన్ డయాక్సైడ్ లేజర్లు. ట్యూబుకు ఇచ్చిన కరెంటులో కాంతిగా మారేది దాదాపు పదో వంతే. మిగతాదంతా వేడి. 80 వాట్ల ట్యూబు ఏకధాటిగా నడిస్తే సుమారు 700 వాట్ల వేడిని నీళ్లు మోసుకుపోవాలి. చిల్లర్ లేకుండా 20 లీటర్ల బకెట్టు, పంపుతో సరిపెడితే గంటలో ఆ నీళ్లు దాదాపు 30 డిగ్రీలు వేడెక్కుతాయి. బీటెక్ మెకానికల్ వాళ్లు ఈ లెక్క ఓసారి కాగితం మీద వేసి చూసుకోండి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

బోరు నీళ్లు ఎందుకు వద్దు?

మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పదనం ఎక్కువ. కాఫీ కెటిల్‌లో పట్టే తెల్లటి పొరే ట్యూబు లోపలా పడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. అంతకంటే పెద్ద చిక్కు కరెంటుది. ట్యూబు మీద 10 నుంచి 20 వేల వోల్టులు ఉంటాయి. లవణాలున్న నీటిలోకి కరెంటు లీకై లేజర్ పవర్ తగ్గుతుంది, నిలకడగా ఉండదు. నీళ్లలో చెయ్యి పెడితే షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది. అందుకే ట్యాంకును ముట్టుకునే ముందు మెయిన్ స్విచ్ ఆపడం తప్పనిసరి.

వాడాల్సింది డిస్టిల్డ్ వాటర్. క్యాన్లలో వచ్చే ఆర్‌ఓ నీళ్లు దానికి సమానం కావు, వాటిలో లవణాలు కొంత మిగిలే ఉంటాయి. బ్యాటరీ వాటర్ పేరుతో దొరికేదాన్నీ లేబుల్ చూసి నమ్మేయొద్దు. టీడీఎస్ మీటరు ముంచితే సంగతి తెలిసిపోతుంది, అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. ఈ చిన్న మీటరు ఖరీదైనదేం కాదు, సొంతానికి ఒకటి కొనుక్కున్నా నష్టం లేదు.

వెలుతురు తగిలితే నీళ్లలో నాచు పడుతుంది. ట్యాంకుకు మూత, పారదర్శకంగా లేని పైపులు ఉంటే సగం బెడద తీరినట్టే. నాచు పట్టింది కదా అని బ్లీచింగ్ పౌడర్ వేస్తే నీళ్లలో మళ్లీ లవణాలు పెరుగుతాయి. సబ్బు అసలే వద్దు, నురగ వస్తుంది. పాత నీళ్లు తీసేసి, ట్యాంకు కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తోనే ఓసారి తిప్పి పారబోసి, కొత్తవి నింపాలి. రెండు మూడు నెలలకోసారి, రంగు మారితే ఇంకా ముందే. నింపాక లేజర్ వెలిగించకుండా కాసేపు పంపు మాత్రమే నడపండి. ట్యూబులో గాలిబుడగ నిలిచిపోతే అక్కడ గాజు వేడెక్కి పగిలిపోవచ్చు.

కోస్తాలో ఇంకో తలనొప్పి ఉంది. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని చిల్లర్‌ను 18 డిగ్రీలకు పెట్టేస్తుంటారు. గది ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం ఉంటే 26 డిగ్రీల దగ్గరే చెమ్మ పడుతుంది. అంటే ట్యూబుకు చెమటలు పట్టి, హైవోల్టేజ్ వైరు దగ్గర స్పార్క్ రావచ్చు. గదికి ఏసీ పెట్టడమో, లేదంటే ట్యూబు తయారీదారు చెప్పిన పరిమితి దాటకుండా చిల్లర్ సెట్టింగ్ పెంచడమో చేయాలి.

లోహాలు కోసే ఫైబర్ లేజర్లలో గాజు ట్యూబు ఉండదు, చిల్లర్ మాత్రం ఉంటుంది. సాధారణంగా లేజర్ సోర్సుకు ఒకటి, కటింగ్ హెడ్‌కు ఒకటి చొప్పున వేర్వేరు ఉష్ణోగ్రతల్లో రెండు నీటి లైన్లు. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ ట్రేడ్ చదివినవాళ్లకు ఇక్కడ మంచి పట్టు దొరుకుతుంది. ఆపరేటర్‌గా చేరి సర్వీస్ ఇంజినీర్‌గా ఎదగాలంటే ఈ పని బాగా తెలిసుండాలి.

చేరిన మొదటి రోజే ఒక పరీక్ష చేయండి. ఓనర్‌కు చెప్పి, చిల్లర్ ఆపి చూడండి. మెషిన్ వెంటనే వాటర్ అలారం ఇచ్చి, లేజర్‌ను వెలగనివ్వకూడదు. అలారం రాకపోతే ఫ్లో స్విచ్ పాడైందో, ఎవరో దాన్ని బైపాస్ చేశారో అని అర్థం. అది బాగుచేసేదాకా కటింగ్ మొదలుపెట్టకండి.