గిలకబల్ల పూర్వచరిత్ర

గణపవరమునకు ఈశాన్యమున తాడేపల్లిగూడెము వఱకును, నైరుతిని కొల్లేటి లంకల వఱకును నడచిపోవు బాటసారికి కొండ గాని గుట్ట గాని ఎదురుపడదు. ఈ సీమలో ఏటవాలు అనునది ప్రకృతి యిచ్చినది కాదు, మనుష్యుడు కల్పించుకొన్నది: కాలువగట్టు, చేపలచెరువు గట్టు, కళ్లములోని ధాన్యపురాశి, బియ్యపుమిల్లు ముంగిట లారీకి ఆనించిన బల్ల. అయినను ఇక్కడి ఇంటర్మీడియేట్ విద్యార్థి వాలుతలముల మీద దిమ్మెలను జార్చుచు, వానిని త్రాళ్లతో ముడివేయుచు, ఆ త్రాటిని గిలక మీదుగా వ్రేలాడదీయుచు, కాగితముపై ఎన్నియో రాత్రులు గడపుచుండును. ఆ దిమ్మెయు, ఆ త్రాడును, ఆ గిలకయు ఒకప్పుడు కొయ్యతో చేసిన నిజమైన యంత్రమనియు, ప్రశ్నపత్రము దానికి కడపటి మజిలీ మాత్రమే యనియు ఆతనికి చెప్పువారు అరుదు.

ఈ యంత్రము మొదట కనబడునది ఇటలీలో, 1493 ప్రాంతమున లియొనార్డో డావిన్చీ వ్రాతప్రతులలో. బల్లపై కొయ్యదిమ్మె, దానికి కట్టిన త్రాడు, బల్లయంచున గిలక, క్రింద వ్రేలాడు బరువు. నేటి పాఠ్యపుస్తకములోని బొమ్మకును దానికిని భేదము స్వల్పమే. దిమ్మెను వెడల్పుగా పరుండబెట్టినను, ప్రక్కకు నిలిపినను ఘర్షణ మారదనియు, బరువు రెట్టింపైనచో ఘర్షణయు రెట్టింపగుననియు ఆయన గ్రహించెను గాని, ప్రకటింపలేదు. రెండు శతాబ్దుల పిమ్మట, బాల్యముననే వినికిడి కోల్పోయిన గియోం అమోంతాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1699లో ఆ సూత్రములనే తిరిగి కనుగొని పారిస్ విజ్ఞానపరిషత్తునకు నివేదింపగా, తాకెడు వైశాల్యముతో ఘర్షణకు ప్రసక్తి లేదన్న మాట సభ్యులకు మింగుడుపడలేదు. ఘర్షణ బరువులో నాల్గవ వంతని లియొనార్డో, మూడవ వంతని అమోంతాన్ తలచిరి. పదార్థమును బట్టి ఆ వంతు మారునను సంగతి అమోంతాన్‌కు స్ఫురింపలేదు.

వాలుతలముపై దిమ్మె నడకను లోతుగా ఆలోచించినవాడు గణితజ్ఞుడగు ఆయిలర్. దిమ్మె కదలీ కదలకుండు కోణమును రవ్వంత పెంచినచో అది నత్తనడక నడువవలెను గదా, అట్లు గాక చివాలున జారిపోవుటకు హేతువేమి యని ఆయన ప్రశ్నించుకొని, నిలిచియున్నప్పటి ఘర్షణ కంటె కదలుచున్నప్పటిది తక్కువ గావలెనని 1750 నాటికి తేల్చెను.

అయితే యంత్రమునకు సంపూర్ణ యౌవనము వచ్చినది ఫ్రాన్సులోని రోష్‌ఫోర్ నౌకానిర్మాణశాలలో. మార్టినీక్ ద్వీపమున కోట కట్టించుచు ఆరోగ్యమును పోగొట్టుకొని వచ్చిన సైనికేంజినీరు షార్ల్ కూలుం, ఓడలకు వలయు త్రాళ్ల గిలకల ఘర్షణను లెక్కగట్టు పనికి పూనుకొని, బలమైన బల్లపై జారుడుబండిని పెట్టి, దానిపై బరువులు వేసి, గిలక మీదుగా దిగవిడిచిన త్రాటికి పళ్లెము కట్టి, ఆ పళ్లెములో తూకపురాళ్లు వేయుచుపోయెను. సింధూరపుకొయ్యపై సింధూరపుకొయ్య, కొయ్యపై లోహము, పొడిగా నొకసారి, క్రొవ్వు పూసి యొకసారి: ఇట్లు జతకొక అంకెగా వ్రాసికొనెను. ఎక్కువసేపు నిలిచియున్న బండి కదలుటకు ఎక్కువ బలము కోరుననియు, కదలిన పిదప ఘర్షణ వేగముతో అంతగా మారదనియు ఆయన గమనించిన సంగతులతో కూడిన గ్రంథము 1781లో విజ్ఞానపరిషత్తు బహుమానము పొందెను. నేడు ప్రశ్నలో "ఘర్షణ గుణకము 0.4" అని ఊరక ఇచ్చివేయు అంకె కొఱకే ఈ యంత్రము పుట్టినదని మఱువరాదు.

దీని తోబుట్టువు, కేంబ్రిడ్జిలో జార్జి ఆట్వుడ్ 1784లో వర్ణించిన యంత్రము, ఘర్షణను వెదకుటకు గాక వెడలగొట్టుటకు పుట్టినది. స్వేచ్ఛగా పడు వస్తువు మొదటి సెకనులోనే 4.9 మీటర్లు దిగిపోవును. గిలకకు ఇరుప్రక్కల 49, 51 పాళ్ల బరువులు వ్రేలాడదీసినచో అవి అదే సెకనులో సుమారు పది సెంటీమీటర్లు మాత్రమే కదలును. గిలక ఇరుసును నాలుగు చిన్న చక్రములపై దొర్లించి ఆయన ఘర్షణను దాదాపు మాయము చేసెను. పాఠ్యపుస్తకములు "ఘర్షణ లేని గిలక" అని ఒక్క మాటతో తేల్చివేయునది ఆ నాలుగు చక్రముల శ్రమయే.

కాగితముపైకి వలసవచ్చునప్పుడు యంత్రము ఒక గుణమును కోల్పోయెను. కూలుం బల్లపై బండి చాలసేపు కదలనే కదలదు. కాగితముపై దిమ్మె ఎప్పుడును సిద్ధముగానే యుండును. 5 కిలోల దిమ్మె బల్లపై నున్నది, స్థైతిక ఘర్షణ గుణకము 0.4, వ్రేలాడునది 1.5 కిలోలు, గురుత్వత్వరణము 10 అనుకొందము. మన విద్యార్థి వెంటనే ఘర్షణ 20 న్యూటన్లని వ్రాయును. అది తప్పు. 20 అనునది హద్దు మాత్రమే. లాగునది 15 గనుక ఘర్షణయు 15, దిమ్మె కదలదు. వ్రేలాడుదానిని 3 కిలోలు చేసినచో హద్దు దాటును. అప్పుడు గతిక ఘర్షణ గుణకము 0.3 అయినచో త్వరణము 1.875 అగును, త్రాటి తన్యత 30 కాక 24 న్యూటన్లకు కొంచెము పైగా నుండును.

ఇంతకంటె రమ్యమైనది వాలుబల్లపై రెండు బస్తాల సమస్య. 75 కిలోల ధాన్యపు బస్తాలు రెంటిని త్రాటితో ముడివేసి, ఒకదాని వెనుక నొకటిగా లారీబల్లపై జార్చితి మనుకొనుడు. రెంటి ఘర్షణ గుణకమును ఒక్కటే యైనచో త్రాటిలో తన్యత యుండదు. రెండును ఒకే త్వరణముతో దిగును, బరువులు వేఱైనను సరియే. పై బస్తా గోనె గరుకైనదైనచో త్రాడు బిగియును. క్రిందిది గరుకైనదైనచో త్రాడు వదులై, పైది వచ్చి దానిని తాకును; ఇచ్చట తన్యత కొఱకు సమీకరణము వ్రాసినవానికి ఋణాంకము వచ్చును, త్రాడు నెట్టజాలదు గనుక ఆ సమాధానమును కొట్టివేయవలెను. త్రాటిని చూడక సమీకరణమునే చూచువాడు చిక్కుపడు తావిదియే.

త్రాడును ఘర్షణయు కలిసి పనిచేసిన తావు మన కాలువగట్లపైనను కలదు. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప ఈ డెల్టా కాలువలలో సరుకుపడవలు నడచినవి. గట్టుపై మనుష్యులు త్రాడు పట్టి వానిని లాగెడివారు. ఆ పడవను ఆపుటకు త్రాటిని గుంజకు చుట్టినచో, గుణకము 0.3 అయినప్పుడు ఒక చుట్టు పట్టును సుమారు ఆరున్నర రెట్లును, మూడు చుట్లు సుమారు 286 రెట్లును పెంచును. ఆయిలర్ లెక్కయే ఇది. గట్టుమీది మనిషి పాదముల క్రింద ఘర్షణ లేనిచో పడవ అంగుళమైనను ముందుకు సాగదు. ఘర్షణను కేవలము విరోధిగా నెంచు పాఠము సగము పాఠమే.

గణపవరము, ఏలూరు, తాడేపల్లిగూడెము కళాశాలల భౌతికశాస్త్రోపాధ్యాయులకు నా మనవి యొక్కటి. ఒక బల్లచెక్క, ఒక గిలక, రెండు ఇసుకసంచులు, కొంత పురికొస తరగతిలో పెట్టుడు. సమీకరణమునకు ముందు, సంచి కదలునా కదలదా యని పిల్లలనే అడుగుడు.