మాస్కు అడిగిన మత్తు డాక్టరు: రోగి భద్రతకూ కులానికీ ఏమిటి సంబంధం?

డాక్టర్ కె. సుధాకర్ రావు పేరు వినగానే, విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి ఉన్న ఒక దళిత వైద్యుడి దృశ్యం గుర్తొస్తుంది. ఆ దృశ్యం వెనక ఆయన లేవనెత్తిన ప్రశ్న మరుగునపడింది. అది రోగి భద్రత ప్రశ్న. దాన్నే మళ్లీ చర్చకు పెడుతున్నాం.

జరిగింది ఇదీ

ఆయన నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరు. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఆ ఊరు అప్పట్లో విశాఖ జిల్లాలోది. 2020 ఏప్రిల్ మొదట్లో, కరోనా సమయంలో, ఒకే ఎన్-95 మాస్కును 15 రోజులు వాడమంటున్నారని ఆయన మీడియా ముందు చెప్పారు. ప్రభుత్వం సస్పెండ్ చేసింది. మే 16న విశాఖలో పోలీసులు ఆయన్ను కట్టేసి తీసుకెళ్లారు. తాగి గొడవ చేశారన్నది పోలీసుల వాదన. అక్కడి నుంచి ఆయన ప్రభుత్వ మానసిక వైద్యశాలకు చేరారు. ఆయన గాయాల గురించి ప్రభుత్వం చెప్పినదానికీ మేజిస్ట్రేటు నమోదు చేసినదానికీ పొంతన లేకపోవడంతో, మే 22న హైకోర్టు విచారణను సీబీఐకి అప్పగించింది. 2021 మే 21న ఆయన గుండెపోటుతో చనిపోయారు.

మత్తు డాక్టరుకే మాస్కు ఎందుకంత ముఖ్యం?

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు చాలాసార్లు రోగి తనంతట తాను సరిగా ఊపిరి తీసుకోలేడు. అప్పుడు మత్తు డాక్టరు రోగి నోటి మీదికి వంగి, గొంతులోకి గొట్టం వేస్తారు. రోగి ఊపిరితో వచ్చే తుంపరలు నేరుగా ఆ ముఖానికే తగులుతాయి. డాక్టరుకు వైరస్ సోకితే, తర్వాత బల్లెక్కే బాలింతకూ సోకవచ్చు. కాబట్టి మాస్కు అడగడం సొంత సౌకర్యం కోసం కాదు. అది వృత్తి ధర్మం.

సంతకం అంటే సమ్మతి కాదు

సమీరా కోహ్లీ కేసులో ఒక మహిళకు పరీక్ష కోసమని మత్తు ఇచ్చి, ఆమె తల్లి ఒప్పుకోలుతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ప్రాణాపాయం లేనప్పుడు, స్పృహలోకి వచ్చాక రోగినే అడగాలి. చికిత్స ఏమిటో, ప్రమాదాలేమిటో, వేరే దారులున్నాయో లేదో ముందే చెప్పాలి.

మన ఆస్పత్రుల్లో కూలి తల్లి వేలిముద్ర వేసే కాగితం చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. వెన్నులో సూదా, పూర్తి మత్తా? మత్తు డాక్టరు ఎవరు? ఆపరేషన్ అయ్యేదాకా పక్కనే ఉంటారా? ఇవి అడిగితే విసుక్కుంటారన్న భయం ఆమెది. ఆ భయానికి కులం ఉంది.

సుధాకర్ విషయంలోనూ అదే. మానసిక వైద్యశాలలో తనకిస్తున్న మందుల మీద ఆయన అభ్యంతరం చెప్పారు. చికిత్స గురించి తెలుసుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. అయినా జూన్ 5న బయటికి రావడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

మనం అడగాల్సింది

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. లోపం ఎత్తిచూపిన వైద్య సిబ్బందికి రక్షణ ఉండాలి. లోపం చెప్పిన డాక్టరుకే శిక్ష పడే చోట, "ఇక్కడ అన్నీ ఉన్నాయా?" అని రోగి అడిగితే నిజం చెప్పేవాళ్లు ఎవరుంటారు?