నాలుగు కళలూ నేర్చుకుంటే సినిమాల్లో నిలబడతామా?

"సినిమాల్లో చేరడానికి చదువెందుకండీ? స్టూడియో గేటు దగ్గర నాలుగేళ్లు నిలబడితే చాలదూ!" - ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మా అక్కయ్య కూతురిది మరో చిక్కు. డిగ్రీ అయింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్లో థియేటర్ ఆర్ట్స్ చదువుతానంటుంది. నాటకం, నాట్యం, చిత్రకళ, కమ్యూనికేషన్ - నాలుగు శాఖలూ ఒకే గూటిలో ఉన్న స్కూలది, 1988లో పెట్టారు. "అన్నీ రుచి చూస్తే ఏ ఒక్కటీ రాదు, రెండేళ్లు దండగ!" అంటారు మా బావగారు. ఇంతలో ఓ కాస్ట్యూమ్ డిజైనర్ నుంచి అసిస్టెంటుగా రమ్మని కబురు! "ఏది వదులుకోను మామయ్యా?" అని ఆ పిల్ల అడిగితే నాకు సత్యజిత్ రాయ్ గుర్తొచ్చారు.

రాయ్ చదివింది ఎకనామిక్స్. తల్లి పోరు పడలేక 1940లో శాంతినికేతన్ కళాభవన్‌లో చేరారు. నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర బొమ్మలు నేర్చారు. అజంతా, ఎల్లోరా చూసొచ్చారు. అయిదేళ్ల కోర్సు పూర్తి చేశారా? లేదు! 1942లోనే బయటికొచ్చేశారు. మరుసటి ఏడు కలకత్తాలో ఓ ప్రకటనల కంపెనీలో ఉద్యోగం... జీతం నెలకు 80 రూపాయలు. పుస్తకాలకు అట్టలూ వేసేవారు. 'పథేర్ పాంచాలి' పిల్లల ప్రతికి బొమ్మలు వేస్తుంటేనే ఆ కథ ఆయన మనసులో పడింది. అది 1955లో సినిమాగా వచ్చింది. తీస్తున్నన్నాళ్లూ ఉద్యోగం మాత్రం వదల్లేదు. గమనించారా? అన్నం పెట్టింది అక్షరాలు దిద్దే చెయ్యి. సినిమా తీయించింది కళాభవన్‌లో తెరుచుకున్న కన్ను.

అంతదూరం ఎందుకు, మన మాధవపెద్ది గోఖలే లేరూ! మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో కుంచె పట్టిన మనిషి. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రాలకు కళాధర్‌తో కలిసి కళాదర్శకత్వం వహించారు. గుంటూరు పల్లెల యాసలో కథలు రాసిందీ ఆయనే.

అందుకే మా పిల్లతో చేరమనే చెప్పాను. ఒక్క షరతు... నాలుగూ చూడు గానీ, మొదటి ఏడు తిరిగేలోగా ఒక పని మాత్రం చేతికి పట్టాలి. బట్ట కత్తిరించడమో, లైట్లు కట్టడమో, సెట్టుకు కొలతలు గీయడమో. సెలవుల్లో ఆ డిజైనర్ దగ్గరికి వెళ్తే కాదనడు. డిగ్రీ కాగితం చూసి వేషం ఇచ్చిన నిర్మాతను నేనింతవరకూ చూడలేదు మరి!

అన్నట్టు, రాయ్ స్క్రిప్టులు రాసుకున్నది ఎర్ర గుడ్డ అట్టల పద్దు పుస్తకాల్లో. దుకాణాల్లో లెక్కలు రాసుకుంటారే, అవే! సంభాషణల పక్కనే షాట్ల బొమ్మలు, పాత్రల దుస్తులు, ఇంటి సామాన్లు, సంగీతం గుర్తులు... అన్నీ ఆ పేజీల్లోనే.