పెళ్లి పీటల దగ్గర ఒక్క మాట.. రెండుగా చీలిన లూథరన్ ఊరు
నెల్లూరు జిల్లాకు మిషనరీలను పంపిన హెర్మన్స్‌బర్గ్ కథ

ఉదయగిరి కొండ కింది పల్లెల్లో గానీ, ఆత్మకూరు చుట్టుపక్కల గానీ క్రైస్తవ కుటుంబాన్ని "మీదే మిషను?" అని అడిగితే ఎక్కువమంది "బాప్టిస్టు" అంటారు. పెన్న దాటి రాపూరు, గూడూరు, వెంకటగిరి వైపు వెళ్లి అదే ప్రశ్న వేస్తే "లూథరన్" అనే జవాబు వస్తుంది. అదే బైబిలు, అదే క్రిస్మసు. సంబంధాలు కలుపుకునేటప్పుడు మాత్రం తేడా బయటపడుతుంది. లూథరన్లు పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు ఊహ తెలిసి, విశ్వాసం ఒప్పుకున్న మనిషిని నీళ్లలో ముంచి ఇస్తారు.

ఇది నాటి దొరలు గీసిన గీత. అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో నెల్లూరులో అడుగుపెట్టింది. ఉదయగిరిలో 1885లో, ఆత్మకూరులో 1893లో మిషను స్టేషన్లు పెట్టింది. పెన్నకు దక్షిణాన పని మొదలుపెట్టింది జర్మన్లు. ఆగస్ట్ మైలియస్ అనే పాదిరి 1865లో సూళ్లూరుపేటలో మకాం వేశాడు. తర్వాత నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, రాపూరు ఆ మిషను కిందికి వచ్చాయి. అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే అయిన సూళ్లూరుపేట, నాయుడుపేట 2022లో తిరుపతి జిల్లాలో చేరాయి.

ఆ జర్మన్లను పంపింది పెద్ద నగరం కాదు, హెర్మన్స్‌బర్గ్ అనే పల్లెటూరు. ఉత్తర జర్మనీలో లూనెబర్గ్ బీడు భూముల మధ్య ఉంది. గొర్రెలు, తేనెటీగలు, ఇసుక నేల సేద్యం.. మెట్ట రైతుకు చెప్పకుండానే అర్థమయ్యే బతుకు. ఆ ఊరి పాదిరి లూయీ హార్మ్స్ 1849లో రైతుబిడ్డలకు చదువు చెప్పి మిషనరీలుగా పంపే బడి పెట్టాడు. వాళ్లను ఆఫ్రికా పంపడానికి 1853లో సొంతంగా ఓడే కట్టించాడు. సముద్రం కూడా లేని పల్లెకు సొంత ఓడ! 1865లో ఆయన పోయాక తమ్ముడు థియోడర్ హార్మ్స్ ఇటు ఊరి గుడికీ, అటు మిషనుకూ పెద్ద అయ్యాడు. గొడవ వచ్చింది ఈయన హయాంలోనే.

హెర్మన్స్‌బర్గ్ ఉన్న హనోవర్ రాజ్యాన్ని 1866లో ప్రష్యా కలిపేసుకుంది. ప్రష్యా రాజులు అంతకుముందే, 1817 నుంచి, తమ ఏలుబడిలోని లూథరన్లనూ రిఫార్మ్‌డ్ సంఘం వారినీ ఒకే సంఘంగా కలుపుతూ వచ్చారు. రేపు మన సిద్ధాంతమూ ఇలాగే కలిపేస్తారన్న దిగులు హనోవర్ లూథరన్లలో ఉండేది. ఇంతలో పెళ్లి చట్టం వచ్చింది. 1874లో ప్రష్యాలో, 1875లో జర్మనీ అంతటికీ చేసిన ఆ చట్టం ప్రకారం పెళ్లి సర్కారు కచేరీలో జరగాలి. అక్కడ సంతకాలయ్యాకే గుడి.

మరి గుడిలో పాదిరి ఏమనాలి? అంతవరకూ ఆయన వధూవరుల చేతులు కలిపి, దేవుని పేరిట మిమ్మల్ని భార్యాభర్తలుగా జతపరుస్తున్నాను అనేవాడు. సంఘం పెద్దలు 1876లో ఆ క్రమాన్ని మార్చారు. కచేరీలో పెళ్లయిపోయింది కాబట్టి జతపరిచే మాట తీసేసి దీవిస్తే చాలన్నారు.

పైకి చూస్తే చిన్న మార్పు. మన ఊళ్లో పెళ్లితో పోల్చి చూస్తే బరువు తెలుస్తుంది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో పెళ్లి అయిపోయింది, ఇక పురోహితుడు తాళి కట్టించనక్కరలేదు, నాలుగు అక్షింతలు వేస్తే చాలు అంటే ఎంతమంది ఒప్పుకుంటారు? థియోడర్ హార్మ్స్ ఒప్పుకోలేదు. దంపతులను కలిపేది దేవుడు, ఆ మాట గుడిలోనే పలకాలి, సర్కారు చట్టం మారిందని సంఘం తన నమ్మకాన్ని మార్చుకోకూడదు అన్నాడు. పాత క్రమం వదలనన్నాడు.

సంఘం పెద్దల పక్షాన కూడా వాదం లేకపోలేదు. పెళ్లి లోకవ్యవహారమని, సర్కారు చూసుకోవలసిన పని అని మార్టిన్ లూథరే రాశాడు. అలాంటప్పుడు కచేరీ పెళ్లిని కాదనడం లూథరు మాటను కాదనడమేగా అని వాళ్లు అడగవచ్చు. ఇద్దరి చేతుల్లోనూ లూథరు పుస్తకాలే ఉన్నందువల్ల రాజీ మరీ కష్టమైంది.

1878 జనవరిలో హార్మ్స్‌ను పదవి నుంచి తీసేశారు. ఫిబ్రవరిలో ఆయన, ఆయన వెంట సంఘంలో పెద్ద భాగం రాజ్య సంఘాన్ని విడిచి స్వతంత్ర లూథరన్ సంఘం కట్టుకున్నారు. పాత గుడి రాజ్య సంఘానికే ఉండిపోయింది. తాతముత్తాతలు మొక్కిన గుడి వదిలి బయటికొచ్చినవాళ్లు ఆ ఏడాదే కొత్త గుడి లేపారు. దాని పేరు సిలువ గుడి. కొంత కాలానికి వీరిలోనూ పొరపొచ్చాలొచ్చి చిన్న సిలువ గుడి అని మరొకటి వెలిసింది. పల్లెటూరు ఒక్కటి, లూథరన్ గుళ్లు మూడు.

ఇక్కడి సంగతేమిటి? గూడూరు, నాయుడుపేట సంఘాలకు పాదిరీలను పంపేది, డబ్బు పంపేది ఆ హార్మ్సే. కానీ ఈ తగాదాలో ఇక్కడి విశ్వాసులకు నోరు లేదు. పాలన అంతా దొరల చేతిలో ఉన్న రోజులవి. థియోడర్ హార్మ్స్ 1885లో పోయాడు. 1890లో ఆయన కొడుకు ఎగ్మాంట్ హయాంలో మిషను మళ్లీ రాజ్య సంఘంతో చెయ్యి కలిపింది. అది నచ్చని స్వతంత్ర సంఘం వారు 1892లో బ్లెక్‌మార్ అనే ఊళ్లో వేరు మిషను పెట్టుకున్నారు. ఆ మిషను పని దక్షిణాఫ్రికాకే పరిమితమైంది. తెలుగు సంఘాలు హెర్మన్స్‌బర్గ్ కిందే మిగిలాయి. అలా పెన్న ఒడ్డుకు ఆ చీలిక రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు ఇక్కడ చోటు లేకపోయాక అమెరికాలోని ఒహాయో లూథరన్లు ఈ సంఘాలను చేపట్టారు. అవే తర్వాత తిరుపతి కేంద్రంగా సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి అయ్యాయి.

హార్మ్స్ తగాదా లాంటిది మన దేశంలో పుట్టకపోవడానికి చట్టం కూడా ఒక కారణం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం సర్కారు లైసెన్సు ఉన్న పాస్టరు చేసిన పెళ్లే చట్టానికీ పెళ్లి. గుడిలోనే రిజిస్టరులో సంతకాలు. కచేరీ ముందా గుడి ముందా అన్న పేచీయే లేదు.

అయితే తెలుగు లూథరన్లలో సిద్ధాంతం మీద వేరుపడ్డవారు లేకపోలేదు. గోదావరి జిల్లా జేగురుపాడుకు చెందిన ముంగమూరి దేవదాసు రాజమండ్రి లూథరన్ సంఘంలో పేరున్న బోధకుడు, కీర్తనకారుడు. దేవుడు దర్శనాల్లో ఈనాటికీ మాట్లాడతాడని, ప్రార్థనతో రోగాలు నయమవుతాయని, ఆత్మవరాలు ఆగిపోలేదని ఆయన నమ్మకం. బైబిలు వాక్యం, సంస్కారాలే ఆధారమనే లూథరన్ పద్ధతిలో అది ఇమడలేదు. 1938లో ఆయన బయటికి వచ్చి బైబిలు మిషను స్థాపించాడు. 1960లో కన్నుమూసేనాటికి గుంటూరు దగ్గరి కాకాని దానికి కేంద్రమైంది. హార్మ్స్ పాత మాట మార్చనని బయటికొస్తే, దేవదాసు కొత్తగా దొరికిందనుకున్న వెలుగు కోసం బయటికొచ్చాడు.

ఉదయగిరి, ఆత్మకూరు బాప్టిస్టుల సిద్ధాంతం ప్రకారం ఏ ఊరి సంఘం దానికదే పెద్ద. నమ్మకం విషయంలో పైవారి ఆజ్ఞ అక్కరలేదు. వేరుపడటం మాటవరసకు తేలికే. చిక్కంతా స్థలం కాగితాల దగ్గర. మందిరం, శ్మశానం ఎవరి పేర రిజిస్టరయ్యాయన్నదే కోర్టు ముందు చూస్తుంది. స్కాట్లండ్‌లో ఎక్కువమంది వేరే సంఘంతో కలిసిపోగా, పాత సిద్ధాంతం వదలని గుప్పెడు మందికే ఆస్తి అంతా చెందుతుందని 1904లో బ్రిటన్ ప్రభువుల సభ తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం చేసి పంపకం చేయవలసి వచ్చింది.

వేరుపడ్డ సంఘానికి మొదట దెబ్బ తగిలేది పెళ్లిళ్ల దగ్గరే. కొత్త పాస్టరుకు లైసెన్సు ఉందా, రిజిస్టరు పుస్తకం ఎవరి దగ్గర ఉంది అని పిల్లనిచ్చేవారు అడుగుతారు. ఇక పెన్నకు ఆవలి లూథరన్ పిల్ల ఈవలి బాప్టిస్టు ఇంటికి కోడలై వచ్చిందనుకోండి. పెళ్లికి అడ్డేమీ ఉండదు. సంఘంలో సభ్యత్వం, రొట్టె ద్రాక్షారసం అనేసరికి "నీళ్లలో బాప్తిస్మం తీసుకున్నావా అమ్మా?" అంటారు అత్తింటి పెద్దలు. "పుట్టిన ఏడాదే ఇప్పించాం గదా, మళ్లీ ఏమిటి?" అంటారు పుట్టింటివారు.