పిల్లల యెముకలలో పుట్టకురుపు

ఎదుగుచున్న పిల్లవానికి మోకాలి దగ్గర నొప్పి పుట్టినచో, ఆటలో దెబ్బ తగిలినదనియో, బెణికినదనియో పెద్దలు తలచుట సహజము. చాలవరకు అది నిజమే యగును. కాని వారములు గడచినను తగ్గక, రాత్రులందు నిద్ర చెఱచుచు, క్రమముగా వాపు చూపు నొప్పి వేఱొకటి కలదు. అది యెముకలో పుట్టిన క్యాన్సరు, అనగా పుట్టకురుపు, కావచ్చును. వ్యాధి అరుదైనదే, ఐనను 10 మొదలు 20 ఏండ్ల వయస్సున, ఎముకలు త్వరగా పెరుగు కాలమున, మోకాలికి పైనను క్రిందను గల యెముకలలో తఱచుగా కనబడును. ఇందు ముఖ్యమైన రకమునకు ఆస్టియోసార్కోమా యని పేరు.

దీని పుట్టుక తెలియుటకు కణములోనికి చూడవలెను. కణమునందలి జన్యువును టీకాసహితమైన తాళపత్ర ప్రతితో పోల్చవచ్చును. పద్యముల నడుమ టీక యుండును. కణము మొదట అంతయు నకలు వ్రాసికొని, పిమ్మట టీకను కత్తిరించి, పద్యములను మాత్రము అతికించును. ఆ శుద్ధప్రతిని బట్టియే మాంసకృత్తులు తయారగును. ఈ కత్తిరింపును 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1993లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

ఏ పద్యము నుంచవలెను, దేనిని విడువవలెను అనునది కండరములో నొక రీతి, మెదడులో నొక రీతి. అందుచేతనే ఒక్క జన్యువునుండి పలు మాంసకృత్తులు కలుగుచున్నవి. ఆరోగ్యముగల యెముకను, కురుపుగల యెముకను పోల్చినప్పుడు, కొన్ని నకళ్లు వేఱువిధముగా కత్తిరింపబడినట్లు పరిశోధకులు గమనించిరి. ఉండవలసిన ఖండము జాఱిపోవును, పోవలసినది నిలిచిపోవును. పెరుగుదలను ఆపవలసిన మాంసకృత్తి అట్లు చెడినచో కణమునకు పగ్గముండదు. పిల్లలకు వచ్చు మఱియొక యెముక క్యాన్సరగు యూయింగ్ సార్కోమాలో, రెండు జన్యువుల ముక్కలు అతుకుకొనగా పుట్టిన వికృత మాంసకృత్తి ఈ కత్తిరింపు పనినే తాఱుమాఱు చేయును. ఈ భేదములను బట్టి క్రొత్త మందులు కనుగొన శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు. ఇది యింకను పరిశోధనాలయములోని మాట.

చికిత్స మాత్రము నేడే కలదు. 1970కి ముందు కాలు తీసివేసినను, వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకి పెక్కుమంది పిల్లలు మరణించుచుండిరి. నేడు వ్యాధి ఒకచోటనే యుండగా పట్టుకొని, చికిత్స పూర్తిగా చేయించినచో, నూటికి సుమారు 60 మొదలు 70 మంది బ్రతుకుచున్నారు. పలువురికి కాలును దక్కుచున్నది. ఇందు వాడు మందులలో నొకటియగు మెథోట్రెక్సేట్, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు జరిగిన పరిశోధనల ఫలము.

అనకాపల్లి ప్రాంతమువారు ఇందులకై దూరదేశము పోనక్కఱలేదు. విశాఖపట్టణపు త్రోవలో అగనంపూడియందు టాటా మెమోరియల్ సెంటరువారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు.

ఈ వ్యాధి అంటునది కాదు. తల్లిదండ్రుల పాపఫలమును కాదు. గ్రామములో పెద్దల మాటకు విలువ కలదు గనుక, తగ్గని నొప్పితో బిడ్డను మీయొద్దకు తెచ్చినప్పుడు, తైలము రాచి మర్దించుటకును, కట్టు కట్టించుటకును పంపకుడు. మొదట ఎక్సురే తీయింపుడు. అనుమానము తోచినచో, కురుపులోని ముక్కను తీసి పరీక్షించు పనిని ఈ వ్యాధియందు ఆరితేఱిన వైద్యులకే విడువుడు. చికిత్స నడుమ నొప్పి తగ్గినదని యింటికి మరలువారిని, ముగియువఱకు ఉండుమని వెనుకకు పంపుడు.