మూతపడిన మిల్లు చెప్పు పాఠము

పానగల్లునందలి ఛాయా సోమేశ్వరాలయమును, పచ్చల సోమేశ్వరాలయమును దర్శించినవారికి కందూరు చోడుల కాలము కొంత తెలియవచ్చును. రాతిపై చెక్కిన శాసనములు వందల యేండ్లు నిలిచి ఆ కథను చెప్పుచున్నవి. కాని నిన్న మొన్నటివరకు వేలాది కుటుంబములకు కూడు పెట్టిన మిల్లులకు శాసనములు లేవు. వాటి కథ హాజరు పుస్తకములలోను, వృద్ధ కార్మికుల నోటను మాత్రమే నిలిచియుండును. వరంగల్లు ఆజంజాహి మిల్లు ఇందుకు తార్కాణము.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1934లో, ఈ మిల్లు వెలసినది. ఆయన పెద్ద కుమారుని పేరే దీనికి పెట్టిరి. వరంగల్లును ఎన్నుకొనుటకు కారణములు ఊహించుట కష్టము కాదు. చుట్టుపట్ల నల్లరేగడిలో పత్తి పండును. సికింద్రాబాదు నుండి బెజవాడకు పోవు రైలుమార్గము దాపుననే యున్నది. సింగరేణి బొగ్గు చేరువలో దొరకును.

పాత బట్టల మిల్లులోని ప్రతి భాగమునకు ఒక అర్థము కలదు. ఎత్తైన పొగగొట్టము బొగ్గుతో బాయిలరు మండించిన కాలపు గుర్తు. రంపపు పళ్లవలె నుండు పైకప్పు అలంకారము కాదు. ఎండ సూటిగా పడక, వెలుగు సమముగా వచ్చుటకై అద్దములను ఉత్తరముఖముగా అమర్చెడివారు. గాలిలో తేమ తగ్గినచో నూలు తెగును గనుక లోపల తేమను నిలిపెడివారు. ఒకచోట దూదిని శుభ్రము చేసి ఏకుదురు, మరొకచోట కదుళ్లపై నూలు తీయుదురు, వేరొకచోట పడుగు, పేకలు కలిసి బట్ట యగును.

కాలము మారినది. దేశమంతట పాత మిల్లుల యంత్రములు అరిగిపోయినవి. మరమగ్గముల చౌక బట్ట, కృత్రిమ నూలు పోటీకి వచ్చినవి. 1974లో పార్లమెంటు చట్టముచే 103 ఖాయిలా మిల్లులు జాతీయము చేయబడినవి. ఆజంజాహి మిల్లు జాతీయ జౌళి సంస్థ క్రిందికి వచ్చెను. అయినను నిలదొక్కుకొనలేక 2002లో మూతపడెను. పిదప యంత్రములు తరలిపోయినవి. కట్టడములు చాలవరకు కూల్చబడినవి. 2017లో వరంగల్లు చేరువనే కాకతీయ మెగా జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది. పరిశ్రమ మరల రావచ్చును. పోయిన చరిత్ర రాదు.

మన జిల్లాలోను పత్తి పండును; జిన్నింగు మిల్లులు, బియ్యపు మిల్లులు కలవు. వానిలో ఏదైన మూతపడినచో పంచాయతీ సభ్యులు ఊరకుండరాదు. హాజరు పుస్తకములు, జీతపు పట్టీలు తుక్కుతో పోకుండ చూడవలెను. భవిష్యనిధికి, పింఛనుకు కార్మికుడు ఎన్ని యేండ్లు పనిచేసెనో చూపు ఆధారము అవియే. కట్టడమును ఫొటో తీయించి, అందు పనిచేసిన వృద్ధుల మాటలను వ్రాయించి పంచాయతీ కార్యాలయమున భద్రపరుపవలెను. పాడుపడిన గోడలయొద్దకు, మూతలేని తొట్లయొద్దకు పిల్లలు పోకుండ కంచె వేయించుమని యజమానిని కోరవలెను. స్థలము వినియోగమును గూర్చి ప్రతిపాదన వచ్చినపుడు గ్రామసభలో చర్చింపవలెను.

శాసనము చెక్కించుటకు రాజులు కావలెనేమో గాని, ఒక పుస్తకము తెరచి ఊరి కష్టజీవుల పేరులు వ్రాయుటకు పంచాయతీ చాలును.