వంటింటి అలమరకు రంగు ఎలా పట్టుకుంటుంది?

మీ వంటింట్లోని కొయ్య అలమర తలుపును వేలితో రాసి చూడండి. జిడ్డు తగులుతుంది. పోపు వేసినప్పుడు లేచిన నూనె తుంపరలు అక్కడ చేరి, గాలి తగిలి బంకలా మారాయన్నమాట. దాని మీదే రంగు వేస్తే అది జిడ్డును అంటుకుంటుంది గాని కొయ్యను అంటదు, త్వరలోనే పెచ్చులూడుతుంది. కాబట్టి ముందుగా చాకలిసోడా కలిపిన వేడినీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. తరువాత ఉప్పుకాగితంతో రుద్దాలి. ఉన్న నునుపును పోగొట్టడమెందుకంటారా? రుద్దిన చోట ఏర్పడే సన్నని గీతల్లోకి రంగు దిగి పట్టు చిక్కించుకుంటుంది.

ఎనామిల్ రంగు ఆరడం తడిబట్ట ఆరడం వంటిది కాదు. మొదట టర్పెంటైన్ ఆవిరైపోతుంది. ఆపైన రంగులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌తో సంయోగం చెందుతుంది. అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టి పొర అవుతుంది. దళసరిగా పూస్తే పైన ఆరినా లోపల పచ్చిగానే ఉంటుంది. పలుచని పూతలు రెండు మేలు. ఆ ఆవిరి మండే స్వభావం కలది. వాసన పోయేదాకా పొయ్యి వెలిగించరాదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నియమం 2016లో వెలువడి, 2017 నవంబరులో అమలుకు వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా రుద్దితే సీసపు ధూళి లేచి గిన్నెల మీద పడుతుంది. పసిపిల్లల మెదడుకు అది ఎంతో హాని. అటువంటి తలుపును తడిపి, నీటికి ఓర్చే ఎమరీ కాగితంతో పెద్దలే రుద్దాలి. అంతసేపూ చంటివాళ్లను ఆ గదిలోకి రానివ్వకండి. నేలను చీపురుతో ఊడ్చక తడిగుడ్డతో తుడవమనండి.